డాక్టర్ వసుధ కోసం ప్రార్థన

2025 జూలై 1, మంగళవారం

నిస్సీ పొద్దున బస్సుకు హైదరాబాద్ వెళ్లిపోయింది. నిస్సీ మా ఆయన చెల్లెలు, అక్కడ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. కిటికీ గట్టు మీద ఒక లావు నవల మరిచిపోయింది. ఇంకా నారాయణఖేడ్ బస్టాండ్‌లోనే ఉంటుందని ఫోన్ చేశాను. ఉండనీ వదినా, నాది సదువుడు అయిపోయింది, నువ్వైతే సదవకు, అంతా సైన్సు, రాజకీయం, నీకు సమజ్ కాదు అంది. ఎగతాళి చేయలేదు. నిజం చెప్పినట్టే చెప్పింది. అందుకే తెరిచాను.

నేను చదివింది ఏడో తరగతి, సిర్గాపూర్ బడిలో. కానీ రోజూ సాయంత్రం అత్తమ్మకు బైబిల్ వాక్యం చదివి వినిపించేది నేనే. వంశావళుల్లో పేర్లన్నీ తడబడకుండా చదివే మనిషికి ఒక నవల ఎంత.

జూలై 2, బుధవారం

మొదటి పేజీలోనే ఒక సైంటిస్టు ల్యాబ్‌లో చచ్చి పడి ఉన్నాడు. నల్లా వచ్చి పోయింది. ఒక్క బిందె నిండింది. నీళ్లు సన్నగా వచ్చాయని అత్తమ్మకు చెప్పాను. ఈ పుస్తకం కోసం మొదటి అబద్ధం.

జూలై 4, శుక్రవారం, మధ్యాహ్నం

డాక్టర్ వసుధ సర్కారు ల్యాబ్‌లో పని చేస్తుంది. మంత్రి భుజంగరావు ఊరూరా నీళ్ల ట్యాంకుల్లో ఒక పొడి కలిపిస్తానంటాడు. నీళ్లు శుభ్రమవుతాయట. ఆ నీళ్లు తాగిన ఎలుకలకు కిడ్నీలు పాడయ్యాయి. ఆ రిపోర్టు రాసిన సారునే చంపేశారు. ఫైల్ వసుధ చేతికి వచ్చింది. పొడి కలపడానికి ఇంకా నాలుగే రోజులు. నాలుగు రోజుల కథకు మూడు వందల పేజీలు.

మొదట్లో లైను వెంట వేలు పెట్టి చదివాను. ఎనభయ్యో పేజీ దగ్గర చూసుకుంటే వేలు లేదు. వెనకపడిపోయింది.

రాసినతను జిత్తులమారి. చాప్టర్ మూడు పేజీలే. చివర తలుపు చప్పుడవుతుంది. ఎవరొచ్చారో చెప్పడు. మనల్ని అక్కడే నిలబెట్టి మంత్రి బంగళాకు వెళ్లిపోతాడు. నాకు కోపం వస్తుంది. ఆ కోపంతోనే పేజీ తిప్పుతాను. కిడ్నీ రక్తాన్ని ఎట్లా వడగడుతుందో బడిలో కూడా చెప్పారు, ఎక్కలేదు. ఇతను వసుధను పరుగెత్తిస్తూ చెప్పాడు, ఎక్కింది.

లీడర్లను నేను సభల్లోనే చూశాను, అదీ ఆడవాళ్ల వరసలో వెనక నుంచి. ఈ పుస్తకం వాళ్లు తలుపులు వేసుకున్న గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. అక్కడ నన్ను ఎవరూ లేవమనరు.

అంతా సమజ్ అవుతోంది.

జూలై 6, ఆదివారం, సాయంత్రం 6

ఏం చేశానో రాసుకోవాలి.

ప్రతి ఆదివారం మూడింటికి మా చర్చి స్త్రీల సమాజం కూటం ఉంటుంది, వారానికో ఇంట్లో. ఇవాళ మా ఇంట్లో. పన్నెండు మంది వచ్చారు. పాట అయ్యాక, కూటం నడిపే రోజక్క నోట్‌బుక్ తీసి ఒక్కొక్కరినీ ప్రార్థన అంశం అడుగుతుంది. ఒకరికి మోకాళ్లు, ఒకరికి ఎండిన బోరు. నా వంతు వస్తే తల వంచుకుని ఏం లేదక్కా అంటాను. పెళ్లయి రెండేళ్లు, ప్రతి వారం అదే మాట.

కూటానికి ముందు నేను నూట పన్నెండో పేజీలో ఉన్నాను. వసుధను కారు డిక్కీలో వేసి తీసుకెళ్తున్నారు. గేటు చప్పుడైంది. పుస్తకం మూశాను. అందరూ వచ్చి కూర్చున్నారు. నేను మాత్రం డిక్కీలోనే ఉన్నాను. రోజక్క అడగ్గానే నోరు దానంతటదే తెరుచుకుంది. వసుధ అని ఒకామె ఉందక్కా, డాక్టరు, ఏ తప్పు చేయలేదు, పెద్దోళ్లు వెంటపడుతుండ్రు, ఆపదలో ఉంది అన్నాను.

ఎవరు, ఏ ఊరు అని ఎవరూ అడగలేదు. మా కూటంలో అదే పద్ధతి. మనిషి చెప్పినంతే వినాలి, తవ్వకూడదు. అందరూ మోకరించారు. అత్తమ్మకు ఏడుపొచ్చింది. ఆమేన్ అనేలోపు నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

రోజక్క పేరు రాసుకుంది. ఆ నోట్‌బుక్‌లో పేరెక్కితే జవాబు వచ్చేదాకా ఇంటింటా ప్రార్థన. శుక్రవారం ఉపవాసం.

జూలై 7, సోమవారం

వసుధ డిక్కీలో నుంచి తప్పించుకుంది. ఇది ఎప్పుడో రాసి అచ్చేసి ఉంటారు, నాకు తెలుసు. అయినా సంతోషమేసింది.

జూలై 9, బుధవారం

పక్కింటి భాగ్య గోడ మీద నుంచి అడిగింది, ఆ డాక్టరమ్మ ఏమైందక్కా అని. తప్పించుకుంది కానీ ఫైల్ పోయింది అన్నాను. వాళ్లత్తకు చెప్పడానికి ఉరికింది. మధ్యాహ్నానికి వీధంతా తెలిసింది. కిరాణం దగ్గర ఇద్దరు ఆపి మరీ అడిగారు. ఈ వీధిలో నన్ను ఆపి ఎవరైనా ఏదైనా అడగడం ఇదే మొదలు. బాగుంది. ఇక్కడ కూడా దాచడం ఎందుకు.

అత్తమ్మ అందరికీ మా కోడలి తల్లిగారి దిక్కు పిల్ల అని చెప్తోంది. నేను అట్లా అనలేదు. కాదని కూడా అనలేదు.

జూలై 11, శుక్రవారం

లిదియా పెద్దమ్మ పడిపోయింది. కూటంలో అందరికంటే పెద్దది, షుగర్ ఉంది. కొడుకు వద్దన్నా వినకుండా వసుధ కోసం ఉపవాసం పట్టింది. షుగర్ గోలీ వేసుకుంది, రొట్టె తినలేదు. పదకొండింటికి గడప దగ్గర కూలిపోయింది. మా ఆయన స్టాన్లీ తన ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు. గ్లూకోజ్ ఎక్కించారు. లేచి కూర్చుంది, భయం లేదన్నారు. ఈయన ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పాడు, సూది గుచ్చుతుంటే కూడా ఆ పిల్ల బయటపడ్డదా అని అడిగిందట.

ఇంకా నలభై పేజీలున్నాయి. ఫైల్ దొరికింది. వసుధ టీవీ స్టేషన్ మెట్లెక్కుతోంది. పుస్తకం మూసేశాను. నిజం చెప్పేదాకా తెరవను.

జూలై 12, శనివారం

ఈయనకు చెప్పాను. బుక్కుల పిల్లనా అని నవ్వి నవ్వి మంచం మీద కూలబడ్డాడు. తర్వాత నవ్వు ఆగింది. అమ్మ సమాజంల ముఖం ఎట్ల చూపెడ్తది, వసుధ బొంబాయి పోయింది, మంచిగున్నదని చెప్పు, అందరు స్తోత్రం అంటరు, ఖతం అన్నాడు. ఉపాయం మంచిదే. పుస్తకంలో మంత్రి పీఏ కూడా పేపర్లవాళ్లకు ఇట్లాంటివే చెప్తాడు. వద్దన్నాను.

జూలై 13, ఆదివారం

కూటం లిదియా పెద్దమ్మ మంచం దగ్గరే పెట్టారు. రోజక్క నోట్‌బుక్ తెరవకముందే లేచి నిలబడ్డాను. వసుధ నిజం మనిషి కాదు, నవల్లో ఉంది, ఆ ధ్యాసలో ఉండి అన్నాను, తర్వాత చెప్పలేదు, పెద్దమ్మ నా వల్లే పడిపోయింది, క్షమించండి అన్నాను. మాట తడబడలేదు.

అత్తమ్మ లేచింది. కోడలికి నోరు లేదనుకున్న, ఉన్నది గిందుకా అంటూ బయటికెళ్లి అరుగు మీద అటు తిరిగి కూర్చుంది. దేవుని తోటి ఆటలా అని వెనక నుంచి ఎవరో అన్నారు. రోజక్క పేరు కొట్టేయడానికి పెన్ను తీసింది. కొట్టలేదు, పెన్ను పట్టుకునే ఉంది. భాగ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది.

లిదియా పెద్దమ్మ పైన రేకులు చూసింది. అయితే ఆ పిల్ల లేనే లేదా అంది. లేదు పెద్దమ్మా అన్నాను. లేని పిల్ల కోసం రెండు జొన్న రొట్టెలు ఇడిసిపెట్టిన్నా అంది. అవునన్నాను. మరి ఫైల్ దొరికిందా అని అడిగింది.

దొరికింది, టీవీ స్టేషన్ మెట్ల దాకా తెచ్చింది, తర్వాత నాకు తెలియదు, చదవలేదు అన్నాను. ఎందుకు సదవలే అని కసిరింది. నన్ను పడగొట్టి మధ్యల ఇడిసిపెడ్తవా, పో, తే పో అంది. నేను రోజక్క వైపు చూశాను. ముందు ప్రార్థన కానీ అంది రోజక్క. ప్రార్థన అయిపోయింది. అంత జల్దీ ఎప్పుడూ కాలేదు.

ఇంటికి ఉరికి పుస్తకం తెచ్చి, ఆ నలభై పేజీలు గొంతెత్తి చదివాను. లిఫ్టులో కరెంటు పోయిన చోట చాప్టర్ అయిపోయి కథ మంత్రి ఇంటికి వెళ్తే, రాసినోని చెయ్యిరగ అని పెద్దమ్మ తిట్టింది. డ్రైవరు మనోడా వాళ్లోడా అని రోజక్క రెండుసార్లు అడిగింది. మంత్రి మాటలు వచ్చినప్పుడు నాకు తెలియకుండానే గొంతు లావు చేశాను. వసుధ కెమెరా ముందు కూర్చుని ఫైల్ విప్పే చోట నెమ్మదిగా చదివాను. అరుగు మీద నుంచి అత్తమ్మ, ఇటు తిరగకుండానే, జర గట్టిగ సదువు, ఇనిపిస్తలేదు అంది.

పొడి ఆగిపోయింది. వసుధ బతికింది. మంత్రి దొరకలేదు. ఇంకో పార్టీలో చేరాడు.

జూలై 20, ఆదివారం

రోజక్క వసుధ పేరు పక్కన జవాబు వచ్చిందని రాసింది. కింద మంత్రి భుజంగరావు పేరు రాసింది, మనసు మారాలని. ఆయనకు ఉపవాసం దాకా అక్కరలేదని లిదియా పెద్దమ్మ అంది.

ఎవరూ నవ్వలేదు. మోకరించాం. కళ్లు మూసుకుంటే నాకు ఆయన ముఖం కనిపించింది.