కృష్ణలో కలిపిన మైనం బిళ్ల

బాపూ,

ఇవాళ తమ్ముణ్ణి నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాం. నీకు మొదలైనట్టే వాడికీ రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది. నీ కడుపులో గడ్డ సంగతి చెప్పగానే డాక్టరమ్మ, "అప్పుడు తీసిన ముక్కను మైనం బిళ్లల పెట్టి ఇచ్చిన్రు గద, ఉన్నదా?" అని అడిగింది. ఆ గడ్డలోనూ, దాని చుట్టూ చేరిన కణాల మీదా ప్రోటీన్ గుర్తులుంటాయట. అవి చూస్తే ఆ జబ్బు ఎలాంటిదో, పిల్లలకూ వచ్చేదేమో కొంత తెలుస్తుందట. మందలో కలిసిన పరాయి గొర్రెను చెవి కోత చూసి పట్టేవాడివే, అలాంటిదే అనుకున్నాను.

అమ్మ వెంటనే, "ఆయనది ఏదీ ఇడిసిపెట్టలేదమ్మా. కాష్టంల ఏరిన బొక్కలతోనే గా బిళ్ల గూడ కృష్ణల కలిపినం" అంది. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగింది.

నువ్వు నిండు ఒంటితో పోవాలని, ఒక్క తునక కూడా ఇక్కడ మిగలకూడదని పట్టుబట్టింది నేనే బాపూ. అమ్మ దాన్ని నీ గొంగడిలో చుట్టి దాచుకుంది. "ఉండనీ బిడ్డా, గదొక్కటే మిగిలింది" అని బతిమాలింది. నేనే లాక్కున్నాను. ఇవాళ డాక్టరమ్మ ముందు అమ్మ నా పేరెత్తలేదు.

తిరుగు బస్సులో తమ్ముడికి నేనే చెప్పేశాను. వాడు, "పోనియ్యక్కా, బాపు అయితే నిండుగ పోయిండు" అన్నాడు. తినలేక మిగిల్చిన సగం ఇడ్లీ నా చేతిలో పెట్టాడు.