అరుగు స్తంభానికి ఉన్న కడియం

మీకు నమస్కారం. ఇక్కడ మన అమ్మాయి దుర్గ, దాని పసివాడు కులాసా. ఫోనులో అయితే మధ్యలో పెట్టేస్తారని కార్డు రాస్తున్నాను. పోస్టుమేను చదివినా నాకేం సిగ్గు లేదు.

ఇంటికి రేటు పెరుగుతుందని అరుగంతా గ్రానైటు వేయించారట. వేయిస్తే వేయించారు. స్తంభానికున్న ఇనప కడియం కోయించేశారని తోటికోడలు అనిత చెప్పింది. “తుప్పు కడియం చూస్తే బేరం పడిపోద్దండీ” అని బ్రోకరు అంటే, మీరు “ఆయ్” అన్నారట. అమ్మే ఉద్దేశం లేని ఇంటికి బేరమేమిటండీ? గోదారి పొంగి మన లంక మునిగిన ఏడు మన పడవ కట్టింది ఆ కడియానికే. మీ అమ్మగారిని ఎక్కించి ఒడ్డుకి చేర్చింది ఆ పడవలోనే.

గేదె ఈనిందా? ఊరగాయ జాడీకి వాసెన గుడ్డ మార్చండి. నిజం చెప్పినందుకు అనితకి నా ఆశీస్సులు.

ఆషాఢం దాటేలోగా కడియం పెట్టించండి. లేదంటే గోదారి గుమ్మంలోకి వచ్చాక పడవని ఆ బ్రోకరు మెడకి కట్టుకోండి.

సూర్యావతి