వాలబీ అన్న పేరు

డోన్, 1955 ఏప్రిల్, బుధవారం

సర్కస్‌లోని వాలబీ ఈ రోజు చనిపోయింది. కంగారూ పోలికే, కాకుంటే మేకపిల్లంత ఉంటుంది. ఎండకు తాళలేక మేత మానేసిందని దాన్ని సాకే మస్తాన్ నిన్ననే మా పశువుల ఆసుపత్రికి వచ్చి చెప్పాడు. ఊళ్ళో పశువులను చూసుకొని రేపు వస్తానన్నాను. నేను పోయేసరికి అది కళ్ళు తేలేసింది. సూది వేసినా లాభం లేకపోయింది.

మస్తాన్ మన కడపవాడే. దాని తల ఒళ్ళో పెట్టుకొని అడిగాడు: “ఐదేండ్లుగా వాలబీ, వాలబీ అని పిలుస్తాండా. ఆ పేరు యాడిది సార్?”

“సిడ్నీ దిక్కు ఆదివాసులు పెట్టిన పేరప్పా. తెల్లోళ్ళు వచ్చినాక రోగాలకు, తుపాకులకు వాళ్ళు శానామంది పోయినారు. ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పుడు లేనట్టే.”

“పేరుకు అర్థమేమి?”

తెలియదన్నాను. నేను చదివిన పుస్తకంలో అది లేదు.

నిన్న నేను రాలేదేమని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పూడ్చే ముందు దాని చెవి దగ్గర వంగి, “వాలబీ” అని మెల్లగా పిలిచాడు. ఆ చెవి కదులుతుందేమోనని ఇద్దరం కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాం.