మూత బిగించిన సీసా

చిరంజీవి తమ్ముడు గురునాథానికి,

చేప జబ్బు చేసి చచ్చి ఉంటుందని కబురు పంపావు. జబ్బు కాదు నాయనా, నీ సలహా. "సిన్న సీసాలో ఉంటే సేప సిన్నగానే ఉంటాది అక్కా, తొట్టి ఎందుకేటి? పోర్టు ఎర్రధూళి పడకుండా మూత బిగించీ" అని హార్లిక్సు సీసా ఇచ్చింది నువ్వే. రోజూ చేపలపులుసు తినేవాడివి కనుక పెంచడం కూడా వచ్చుననుకున్నాం.

ఆ రెండు చేపలూ మా అల్లుడు పోయే ముందు కూతురు వేణికి కొన్నవి. ఓడ అడుగున గాలాడక తండ్రి పోయిన సంగతి పిల్లకు తెలియనివ్వకూడదని ఎవరమూ నోరు మెదపలేదు. ఎవరి నోట విన్నదో, నిన్న చచ్చిన చేపను అరచేతిలో పెట్టుకుని, "అమ్మమ్మా, నాన్నలాగే దీనికీ గాలాడలేదేటి?" అంది. అప్పటినుంచి మెతుకు ముట్టలేదు. రెండో చేప ఉన్న సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నీ మనవడికి నీళ్లుపోసే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, ఈ ఉత్తరం తెచ్చిన రిక్షా అతని చేతికిచ్చి పంపు. సబ్బు వాసన పోయేదాకా మంచినీళ్లతో కడిగించు. అతన్ని నిలబెట్టి కబుర్లాడకు. మూత తీసినా ఆ చేప పైకి తేలి నోరు తెరుస్తోంది.

మీ అక్క