పిన్ను తీసింది నేను కాదు

విదేశీ పత్రముల ధ్రువీకరణ విభాగపు పెద్ద అధికారి గారి సముఖమునకు, బస్టాండు వెనుక వీధిలో పుస్తకాల బైండింగు షాపు నడుపుకొనువాడు వ్రాసుకున్న అర్జీ.

విషయం: నా వివాహ ధ్రువపత్రమును తమ కార్యాలయము వారే విడదీసి, విడిపోయినది గనుక చెల్లదని తమ కార్యాలయము వారే తిరస్కరించుట గురించి, నా భార్యను నా భార్యగా గుర్తించమని వేడుకొనుట గురించి.

అయ్యా,

నేను పదకొండు సంవత్సరములు పరాయి దేశమునందు ఒక ప్రింటింగు ప్రెస్సులో బైండరుగా పనిచేసితిని. అదే ప్రెస్సులో అచ్చయిన ఫారాలు, అనగా పుస్తకపు పెద్ద కాగితములు, మడతపెట్టు బల్ల వద్ద పనిచేయుచుండిన ఆ దేశపు ఆమెను అచ్చటి చట్టము ప్రకారము వివాహమాడితిని. ప్రెస్సు మూతపడగా ఏడాదిన్నర క్రితము ఇద్దరమూ ఇచ్చటికి వచ్చితిమి. ఆమెకిచ్చిన నివాస అనుమతి ఈ నెల ఇరవై ఎనిమిదితో ముగియును. మా పెళ్ళి కాగితమును తమరు గుర్తించినచో ఆమె ఇక్కడే ఉండును. లేనిచో వెళ్ళిపోవలెను. వెళ్ళినచో, నా భార్య అనుటకు రుజువు లేదు గనుక మళ్ళీ రానివ్వరు. ఉన్న సంగతి ఇంతే. ఇక వరుసగా మనవి చేయుచున్నాను.

1. సదరు ధ్రువపత్రము రెండు పుటలు. ఒకటి పెళ్ళి కాగితము. రెండవది, అది దొంగ కాగితము కాదని ఆ దేశపు ప్రభుత్వము వారిచ్చిన ముద్ర కాగితము. రెండింటినీ మూలన వెడల్పాటి రాగి పిన్నుతో కలిపినారు. ఆ పిన్ను తీసినచో రెండూ చెల్లవు. ఈ మాట అడుగున చిన్న అక్షరములతో అచ్చువేసియే ఉన్నది గాని, వారి భాషలో ఉన్నది.

2. గత నెల తొమ్మిదవ తేదీన తమ కార్యాలయపు మూడవ కౌంటరులో దానిని దాఖలు చేసితిని. ఆ కౌంటరు గుమాస్తా నాకు స్వయానా పిన్ని కొడుకు. మా ఇంట్లో పెరిగినవాడు. ఈ ఉద్యోగపు పరీక్షకు వాడు చదివిన పుస్తకాలన్నీ విడిపోతే కుట్టి ఇచ్చింది నేనే. అందుచేత వాణ్ణి, క్షమించవలెను, సదరు ఉద్యోగిని చూచి గుండె మీద చెయ్యి వేసుకుని ఉంటిని. "నువ్వెళ్ళి షాపు చూసుకో అన్నయ్యా, ఇది నా పని కదా" అన్నాడు.

3. మూడవ కౌంటరు వెనుక గోడకు "ఫైళ్ళలో పిన్నులు నిషేధము" అని నోటీసు అంటించి ఉన్నది. పూర్వము ఒక సూపరింటెండెంటు గారికి తుప్పు పిన్ను గుచ్చుకుని చెయ్యి వాచినప్పటి నుండి ఈ నియమమట. వచ్చిన ప్రతి కాగితానికీ పిన్ను పీకి, రంధ్రములు పొడిచి, ట్యాగు దారము కట్టి లోపలికి పంపవలెను. మంచి నియమమే. కాగితం పని తెలిసినవాడిగా నేను మెచ్చుకుంటాను. అయితే నా తమ్ముడు చేతి అలవాటు కొద్దీ, పిన్ని మోకాలి నొప్పి గురించి నాకు చెప్తూనే, అటు చూడనైనా చూడకుండా నా పెళ్ళి కాగితం పిన్ను పీకి, పీకిన పిన్నులు వేసే బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. టక్కుమని చప్పుడైంది. "అదేంట్రా, అది తియ్యకూడదు" అన్నాను. "బైండరువి కదా, నీకన్నీ పిన్నులే కనబడతాయి" అని నవ్వాడు. వరుసలో నిలబడ్డవాళ్ళూ నవ్వారు.

4. పన్నెండు రోజుల తరువాత, ఆదివారము మధ్యాహ్నము, సదరు ఉద్యోగి మా ఇంటికి వచ్చినాడు. నా భార్య వడ్డించినది. ఈమె మన భాషలో మొట్టమొదట నేర్చుకున్న వరుస "మరిది." నేర్పింది వాడే. భోజనమయ్యాక జేబులోంచి టైపు చేసిన కాగితం తీసి, "ఇక్కడో సంతకం పెట్టు అన్నయ్యా" అన్నాడు. "ఏముందిరా ఇందులో?" అన్నాను. "ఏముంటుంది, నీ ఫైలు తొందరగా కదలాలిగా, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. నా కళ్ళజోడు షాపులో ఉండిపోయినది. తెప్పించుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. తమ్ముడి ముందు కళ్ళజోడు ఎందుకు పెట్టుకుంటామండీ.

5. ఈ నెల నాలుగున తమ కార్యాలయము నుండి తిరస్కరణ ఉత్తరము వచ్చినది. అందులో ఉన్నది ఉన్నట్టు: "అర్జీదారు తన తెలియనితనముచేత, జిరాక్సు తీయించుకొనుటకై పిన్నును తానే తొలగించినట్లు వ్రాతపూర్వకముగా ఒప్పుకున్నందున, సదరు పత్రము చెల్లదు. భార్యగా చెప్పబడుతున్న సదరు విదేశీ మహిళ గడువులోగా దేశము విడిచి వెళ్ళవలెను." క్రింద దస్తూరీ మూడవ కౌంటరుదే. ఏడాదిన్నరగా "వదినా, వదినా" అంటూ మా ఇంట్లో తిన్న చేత్తో "సదరు విదేశీ మహిళ" అని ఎలా రాశాడో నాకు అంతుపట్టలేదు. ఇరవై ఆరేళ్ళుగా కాగితాలు కుట్టుకుని బతుకుతున్నవాణ్ణి నేను. పిన్ను తీస్తే ఏమవుతుందో నాకు తెలియదని సంతకం పెట్టానంటే, చేపకి నీళ్ళు తెలియవని రాయించుకున్నట్టుంది.

6. మరునాడు కౌంటరుకు వెళ్ళి అడిగితిని. "నా ప్రమోషను ఫైలు సారు బల్ల మీద ఉందన్నయ్యా. ఇప్పుడు తప్పు నా మీద పడితే నా పని అయిపోయినట్టే. వదిన వెళ్ళి ఇంకో కాగితం తెచ్చుకుంటుందిలే" అన్నాడు, తలెత్తకుండా. "వెళ్తే మళ్ళీ ఎలా వస్తుందిరా?" అన్నాను. వాడు నా భుజం మీదుగా వెనక్కి చూసి "తరవాత ఎవరండీ?" అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే వినడమే గాని, నాకు జరిగేదాకా తెలియలేదు.

7. ఇది తమ శాఖకు సంబంధించినది కాకపోయినను వ్రాయక తప్పుట లేదు. నా భార్య షాపుకు వచ్చే చిరిగిన వాచకములు చూచి మన అక్షరములు నేర్చుకున్నది. ఆ తిరస్కరణ ఉత్తరము కూడబలుక్కుని తానే చదువుకున్నది. చదివి, మడతలు సరిచేసి బల్ల మీద పెట్టింది. తరవాత "ప్రెస్సులో నువ్వు ఒక్క ఫారం తప్పు కుట్టగా నేను చూడలేదు. నువ్వు తెలియక పిన్ను తీశావంటే నేను నమ్మను. తెలిసే తీశావు. నేను బరువైతే నోటితో చెప్పాల్సింది" అంది. తీసింది నేను కాదు, తమ్ముడని చెప్పాను. "మరిది అలా చెయ్యడు" అంది. ఉత్తరానికి జతచేసిన ఒప్పుకోలు నకలు తీసి, దాని కింద నా సంతకం చూపించింది. ఆ రోజు నుంచి ఆమె బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టి పెట్టెలో సర్దుకుంటోంది. మడతలు పెట్టడం ఆమెకు బాగా వచ్చు.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా: మూడవ కౌంటరులోని బిస్కెట్ల డబ్బాను తమ ఎదుట బోర్లించి చూడవలెను. మన పిన్నులన్నీ సన్నని ఇనుపవి. అందులో రాగి పిన్ను ఒక్కటే ఉండును. దానిని నా కాగితముల మూలనున్న రంధ్రములతో సరిచూడవలెను. నా చేత సంతకము చేయించిన కాగితమును కొట్టివేయవలెను. ఈ విచారణ తేలువరకు నా భార్యకు గడువు పొడిగించవలెను. "చెప్పబడుతున్న" అను మాటను తీసివేయవలెను. చెప్పింది ఎవరో కాదు, నేనే. తొమ్మిదేళ్ళుగా చెప్పుచున్నాను.

ఇరవై ఎనిమిది లోపల తమరు ఒక్క నిమిషము ఈ కాగితము మీద దృష్టి నిలిపి నా మొర చిత్తగించవలెను.

చదవకుండా సంతకము చేసి చెడినవాడు, ఇది మాత్రము మూడుసార్లు చదివి సంతకము చేసిన
తమ విధేయుడు,
బైండరు

తా.క. ఒరేయ్ తమ్ముడూ, తపాలా విప్పేది మూడో కౌంటరే గనుక పెద్దయ్య గారి కంటే ముందు ఇది చదివేది నువ్వేనని నాకు తెలుసు. దీనికి పిన్ను లేదు, వెతక్కు. మన షాపు దారంతో నాలుగు కుట్లు వేశాను. నీ ప్రమోషను పోతుందని తెలిసే డబ్బా సంగతి రాశాను. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. దీన్ని నువ్వు పైకి పంపకపోతే ఇంకోటి కుట్టి తెస్తాను, అదీ పంపకపోతే ఇంకోటి. అది నా పని. కానీ ముందు నువ్వొకసారి ఇంటికి రా. ఆ ఆదివారం నువ్వు మర్చిపోయిన క్యారియరు మీ వదిన కడిగి తుడిచి గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టింది. తన పెట్టె సర్దుకుంటూ కూడా రోజూ దాని మీద దుమ్ము దులుపుతోంది. వచ్చి, క్యారియరు తీసుకుని, పిన్ను తీసింది అన్నయ్య కాదని ఒక్క మాట చెప్పి వెళ్ళు. నా మాట నమ్మడం మానేసింది. నీ మాట నమ్ముతుంది.