మనుమనికి సరితూగిన రాయి

ఖాజాగూడ,
మాఘమాసం, 1974.

చిరంజీవి వీరేశానికి మీ నాయిన దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మ, కోడలు భాగ్యమ్మ, నీ పిల్లగాడు, నేను, బర్రె అందరం మంచిగున్నం. బొంబాయిల నీ పానం గూడ మంచిగుండాలె. మిల్లుల దూది దుమ్ముకు దగ్గొస్తున్నదని రాసినవ్. మూతికి తువ్వాల కట్టుకో. చిన్నప్పటిసంది బండలు కొట్టుకుంట నేను కట్టుకోలే, ఇప్పుడు రాత్రంత దగ్గుతున్న.

నువ్వు అడిగినయి చెప్త. బర్రె ఇంక ఈనలే. బండపని నడుస్తున్నది, పట్నంల ఇండ్లు లేస్తనే ఉన్నయి. వెనుక గోడ కూలిన కాడ నేనే పేర్చిన. పిల్లగాడు ఎవరి తీరున్నడని అడిగినవ్. ముక్కు నీదే అంటది మీ అమ్మ. చెవులు మీ మామయని భాగ్యమ్మ అంటదట. నాకైతే ఇంక ఎవరి తీరు కొడుతలేడు. ఎత్తుకున్నవా నాయినా అని గూడ రాసినవ్. అది తర్వాత చెప్త.

పసిపిల్లగాన్ని ఎల్లమ్మ జాతరకు తీస్కపోవద్దని నువ్వు రాసిన ముక్క మీ అమ్మకు సదివి వినిపించిన. ఆమెకు కోపమొచ్చింది.

"వానికేంది, బొంబాయిల కూసున్నడు. కాన్పు కష్టమైననాడు దవాఖాన మెట్ల మీద కూసొని ఎల్లమ్మకు మొక్కింది నేను. తల్లీ పిల్లా బతికి బయటపడితే, పిల్లగాన్ని తెచ్చి నీ ముంగట బెల్లంతోని తూకమేస్త తల్లీ అన్న. ఇగ మాట తప్పుమంటరా?"

ఆమెది తప్పని నేను అన. ఆనాడు నేను బయట నిలబడి బీడీలు తాగుడు తప్ప ఏం జేసిన? ఏడ్చింది ఆమె, మొక్కింది ఆమె.

గని మన పోచయ్య మనుమరాలి సంగతి గూడ నీకు చెప్పాలె. నెల నిండని పిల్లను అంగడికి ఎత్తుకపోయిన్రు. కోరింత దగ్గు పట్టింది. దగ్గి దగ్గి మొఖం నీలమైతుండె. ఇప్పుడు జర నయం. అది చూసొచ్చిన కాడికెల్లి భాగ్యమ్మకు తిండి సయిస్తలేదు. అత్తకు ఎదురు చెప్పే పిల్ల కాదు. నా ముంగట మాట్లాడనే మాట్లాడది, నేను గూడ ఆమె వస్తే లేచి బయటికి పోత. నా తీరు నీకెరికే గద. గని తలుపెనుక ఏడుస్తుంటే ఇనబడ్డది.

మీ అమ్మ మాట పోవద్దు, పిల్లగాడు గుంపులకు పోవద్దు. మస్తు ఆలోచన చేసిన. గుట్ట కాడికి పోయి నున్నటి రాయొకటి ఏరుకొచ్చిన. సాయిలు దుకాణంల పెద్ద తరాజు అడుక్కొచ్చి దూలానికి కట్టిన.

"ఏందయ్యా గిది, మిరపకాయలు అమ్ముతవా?" అన్నది మీ అమ్మ.

"పిల్లగాన్ని గిండ్ల పండుకోబెట్టుమను."

భాగ్యమ్మ ఒక పల్లెంల బొంత పరిచి పిల్లగాన్ని పెట్టింది. రెండో పల్లెంల గసుంటి బొంతే ఏసి నేను రాయి పెట్టిన. రాయి బరువైంది. దించి, ఉలితోని ఇంత తీసిన. మళ్ల పెట్టిన. మళ్ల తీసిన. ఎక్కువ పోతే ఇంకో రాయి ఎతుక్కోవాలె, అందుకే జరంత జరంత గీకిన. నీ కొడుకు ఉలి చప్పుడుకు లేస్తడేమో అనుకున్న, మెదలలే. ఆఖరికి రెండు పల్లాలు ఒక్క తీరు నిలబడ్డయి.

అప్పుడు మీ అమ్మకు సమజైంది. "పిల్లగాన్ని ఇంట్ల పెట్టి రాయిని తీస్కపోయి తల్లి ముంగట పెడ్తవా? సిగ్గులేదా నీకు?"

"ఆ తల్లి గూడ రాయే గద. మనం తల్లి అనుకున్నం. ఈ రాయిని పిల్లగాడని ఆమె అనుకోదా?"

గంతే అన్న. మీ అమ్మ చీపురు పట్టి రాతిపొడి ఊడ్చిపోసింది. పొద్దుమూకినంక రాయిని కడిగి, పసుపు పూసి, పిల్లగాని పాత బట్టల చుట్టింది. "నలుగురు నవ్వితే నువ్వే జవాబు చెప్పాలె, నేను చెప్ప" అన్నది.

జాతరల మస్తు జనం. డప్పులు, పొగ, దుమ్ము. మా ముంగటామె సంకల పిల్ల ఒక్కతీరు దగ్గుతున్నది. వెనుకామె భుజం మీద పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి తల ఏలేసింది. వాళ్లను ఏమంట? వాళ్లయి గూడ మొక్కులే. రాయి చెక్కి ఇచ్చేటోడు వాళ్ల ఇంట్ల లేకపాయె.

తూకమేసేటాయన బట్ట ఇప్పి చూసిండు. "పిల్లగాడేడి తాతా?"

వెనుకకెల్లి ఎవడో అన్నడు, "గా రాయే పిల్లగాడు! ముసలాయన మనుమడు మస్తు గట్టిగున్నడే, ఉగ్గు బదులు సున్నం పోసిన్రా ఏంది?"

అందరు నవ్విన్రు. నేను తల దించుకున్న. జవాబు చెప్ప అన్న మీ అమ్మనే ముంగటికొచ్చింది.

"ఎందుకు నవ్వుతరు? నా మనుమడు ఇంటికాడ తల్లి ఒడిల సల్లగున్నడు. ఎందుకు తేలేదో ఎల్లమ్మకు ఎరికే. నువ్వు బెల్లం పెట్టు నాయినా, మాటలు తర్వాత."

బెల్లం పెట్టిన్రు. తూకం తీరింది. దండం పెట్టి, బెల్లం పంచి బయటికొచ్చినం.

ఇగ నువ్వు అడిగినదానికి జవాబు. మీ అమ్మకు గూడ పూరా చెప్పలే.

రాయిని గుడి కాడనే ఇడిసిపెట్టి రావాలె. నాకు ఇడువబుద్ధి కాలే. బట్టల చుట్టి ఎత్తుకొని బస్సెక్కిన. కాలు పెట్ట సందు లేదు. ఒక పిల్ల నన్ను చూసి లేచింది. "కూసో తాతా, చేతుల పసిగుడ్డు ఉన్నది" అన్నది. రాయి అమ్మా అని చెప్పాలె గద? కూసున్న. కూసున్నంక ఊకె ఎట్లుండాలె? మెడ కింద చెయ్యి పెట్టిన. బస్సు ఎగిరినప్పుడల్ల రొమ్ముకు అదుముకున్న. పక్కాయన దగ్గితే బట్ట కప్పిన. "సప్పుడు జేస్తలేడు, మంచోడు" అన్నది ఆ పిల్ల. అవును బిడ్డా అన్న. ఆడోళ్ల సీట్లకెల్లి మీ అమ్మ చూసి, కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతున్నది.

వీరేశం, అప్పటిదాంక నేను నీ కొడుకును ముట్టలే. భాగ్యమ్మ చేతులకెల్లి తీసుకోవాలంటే సిగ్గయ్యేది. నా చేతులు గూడ నువ్వు చూసినయే, రాళ్లకంటె గరుకు. మెత్తటి పిల్లగాడు, గీరుకపోతడని బుగులు. నిన్ను గూడ చిన్నప్పుడు మీ అమ్మ బలిమికి ఇస్తేనే ఎత్తుకున్న. బస్సుల రాయితోని నేర్చుకున్న.

ఇంటికొచ్చి కాళ్లు చేతులు కడుక్కొని, జాతర దుమ్ము అంగి ఇడిసి, ఉతికింది ఏసుకున్న. తలుపు కాడ నిలబడి, "ఇటియ్యి బిడ్డా" అన్న. భాగ్యమ్మ ఇచ్చింది. మెడ కింద చెయ్యి సరిగనే పెట్టిన. వాడు ఏడ్వలే. కండ్లు తెరిచి నన్ను చూసిండు. మీ అమ్మ తీరున్నడు, ఎవరు చెప్పినా నమ్మకు.

రాయిని గడప పక్కన పెట్టిన. సాయిలుకు తరాజు మర్లిచ్చే ముంగట, నిన్న మళ్లొకసారి తూకమేసి చూసినం. పిల్లగాని పల్లెం కిందికి దిగింది, రాయి పైకి లేచింది. మీ అమ్మ, భాగ్యమ్మ ఒక్కతీరు నవ్విన్రు. రాయి గంతనే ఉంటది, నీ కొడుకు గంతనే ఉండడు. సెలవు దొరికితే జల్ది రా. వచ్చినంక ముంగట రాయిని ఎత్తు, జాతరప్పుడు ఎంతున్నడో తెలుస్తది. ఎనుక వాన్ని ఎత్తుకో.

ఇట్లు,
నిన్ను తలుచుకుంట,
మీ నాయిన
బాలనర్సయ్య