ఈ క్లచ్ ఇంకొన్నాళ్లు నడుస్తుంది

గౌరవనీయులైన వదినగారికి,

మీ చెల్లెలికి నొప్పులు మొదలవగానే కబురు పెట్టండి, క్షణాల్లో కారు తెచ్చేస్తానన్నారు మీరు, ఎన్నో ఏళ్ల కిందట. మా వరండాలో కూర్చుని, టీ చల్లారబెట్టుకుంటూ అన్నారు. ఆ మధ్యాహ్నం మా అమ్మ వీధి చివరి దుకాణానికి వెళ్లి ఫోన్ చేసి వచ్చి, బయలుదేరుతున్నారట అని చెప్పింది. ఎదురింటాయన తన వ్యాను తీస్తానంటే నేనే వద్దన్నాను. మా వదిన కారు వస్తోందని కాస్త గొప్పగా కూడా చెప్పుకున్నాను. మీరు రాలేదు. చివరికి ఆలస్యంగా ఆ వ్యానులోనే వెళ్లాం. ఆడపిల్ల. ఏడవలేదు. మర్నాడు మీరొచ్చి నా ఎదుట తల వంచుకుని కూర్చున్నారు. మా అమ్మ ముందే నోటికొచ్చినట్టు తిట్టాను. ఎందుకు రాలేదో మీరు ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు మీకు గుండె ఆపరేషన్ అనీ, ఇంటికొచ్చాక పక్కన ఉండడానికి మీ చెల్లెల్ని, అంటే నా భార్యని, పంపమనీ రాశారు. మీ కొండకు బస్సు మానేశారు కాబట్టి కారులోనే రావాలి. కారు సంగతి చెబుతాను, వినండి.

కారు నా పేరున ఉంది, నడిపేది మీ చెల్లెలు. నాకు నడపడం రాదు. అయినా దాని యోగక్షేమాలు నిర్ణయించేది నేనే. లైబ్రరీలో పనిచేసినన్నాళ్లూ మోటారు పుస్తకాలు కూడా వదలకుండా చదివినవాణ్ణి. మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. ఈ మధ్య ఎత్తు వచ్చిందంటే ఇంజన్ రంకెలు వేస్తుంది, బండి మాత్రం కదలదు. మెకానిక్ నా ఎదుటే పరీక్ష చేశాడు. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మీద కాలు తీశాడు. క్లచ్ ప్లేటు బాగుంటే ఇంజన్ దెబ్బకి ఆగిపోవాలి. ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉంది. "ప్లేటు అయిపోయింది పుస్తకాల సారూ, కొండ దారి పట్టకముందే మార్చేద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి మీ చెల్లెలితో ఏం చెప్పానో తెలుసా? మెకానిక్ చూశాడు, ఊళ్లో తిరగడానికి ఇంకొన్నాళ్లు నడుస్తుంది, కొండ మాత్రం ఎక్కించొద్దన్నాడు, తొందరపడి మార్చక్కర్లేదన్నాడు అని. డబ్బుకు వెనకాడి కాదు వదినా. ఈ క్లచ్ సరిగ్గా నాకు కావలసినంతే అరిగింది. కూరగాయల బజారుకు వెళ్తుంది, మీ ఇంటికి రాదు. అద్దె కారులో ఒంటరిగా పంపనని ముందే చెప్పేశాను. వస్తానన్న కారు రాకపోతే గుమ్మంలో నిలబడడం ఎలా ఉంటుందో మీరూ చూడండి.

ఈ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. ఆవిడ నమ్మదు. నా మాట నమ్మడం ఆవిడకు అలవాటు.

మీ శ్రేయోభిలాషి కాని,
మరిది

*

వదినగారికి నమస్కరించి రాయునది,

మీ జవాబు అందింది. "మీ ఇష్టం మరిదిగారూ. చెల్లిని మాత్రం ఏమీ అనకండి." అంతేనా? ఇంతకన్నా పొడుగు వాక్యాలు మందుసీసాల మీద ఉంటాయి. బతిమాలతారనుకున్నాను. కనీసం తిడతారనుకున్నాను. ఒక ముసలివాడి సరదా పాడుచేయడం మీకు బాగా తెలుసు.

ఇక్కడి కబుర్లు చెబుతాను. మీ చెల్లెలు తలుపు వెనక సంచి సర్దిపెట్టుకుంది. మీకిష్టమైన ఆ నీలం శాలువా కూడా అందులోనే ఉంది. రోజూ అన్నం వడ్డిస్తూ, క్లచ్ ఎప్పుడు మారుద్దామండీ అని అడుగుతుంది. ఇంకా నడుస్తోందిగా, నడిచేదాన్ని విప్పి పారేయడం తెలివి తక్కువ పని అంటాను. గేర్‌బాక్స్ దించాలి, దించితే ఇంకేదో బయటపడుతుంది అంటాను. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, మజ్జిగ పోసి వెళ్లిపోతుంది. నిన్న మాత్రం వెళ్లకుండా నిలబడి, "మీరు చెప్పేదాకా ఆగుతాను" అంది. ఎంత మంచి మనిషి. అక్క పోలిక రాలేదు.

ఆపరేషన్ బాగా జరగాలని కోరుకుంటున్నాను. కళ్లు తెరిచాక పక్కన ఎవరూ లేరని గమనించేంత బాగా.

ఇట్లు,
మరిది

*

వదినకు,

మీ చెల్లెలు మీ దగ్గరికి వస్తోందని నాకు మీకన్నా ముందే తెలుసు. కొండ కింది ఊరి మెకానిక్ ఫోన్ చేశాడు. పొద్దున్నే నేను గడ్డం గీసుకుంటుండగా సంచి తీసుకుని వెళ్లిపోయింది. చివరి మలుపు దగ్గర కారు పొగలు కక్కి ఆగిపోయిందట. దిగి, తాళం దారిన పోయే లారీ అతని చేతికిచ్చి మెకానిక్‌కు చేర్చమని, మిగిలిన ఎత్తంతా ఆ నొప్పుల మోకాళ్లతో నడిచి ఎక్కిందట.

సాయంత్రం మీ ఇంటి నుంచే నాకు ఫోన్ చేసింది. గొంతు పెంచలేదు.

"క్లచ్ సంగతి నా కాలికి ఎప్పుడో తెలుసండీ. మీరు ఎప్పుడు మారుస్తారో చూద్దామని ఆగాను" అంది. నేనేదో అనబోతే, "ఇంకోటి కూడా వినండి. ఆవేళ మీ అమ్మగారు ఫోన్ చెయ్యలేదు" అంది.

దుకాణం దాకా వెళ్లి, ఊరికే తిరిగొచ్చిందట మా అమ్మ. మా కారు లేకపోతే మీ ఇంట్లో పురుడు కూడా పోసుకోలేరు అని మీరెప్పుడో నవ్వుతూ అన్నారట. ఆ మాట గుర్తొచ్చి, నంబరు తిప్పలేకపోయిందట. మంచాన పడ్డాక కోడలి చెయ్యి పట్టుకుని చెప్పి, వాడికి చెప్పనని ఒట్టు వేయించుకుందట. మీకైతే ఆ మర్నాడే, నేను తిడుతుంటే పక్కన నిలబడ్డ మా అమ్మ ముఖం చూడగానే అర్థమైపోయిందట. తల్లి మీద మనసు విరిగితే ఇతనికి ఇంకెవరు మిగులుతారు, నేను ఎలాగూ బయటి మనిషిని, నా మీదే పడనీ అన్నారట మీరు.

కారు దింపించి క్లచ్ మార్పించాను. పాత ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను, ఈ కాగితం ఎగరకుండా ఇప్పుడు అదే ఆపుతోంది. బండి ఇప్పుడు ఏ కొండైనా ఎక్కుతుంది. మా గుమ్మం ముందు నిలబడి ఉంది. నడిపే మనిషి మీ దగ్గర ఉంది. మీ ఒళ్లు కుదుటపడ్డాక కూడా తిరిగి వస్తుందో రాదో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

నన్ను క్షమాపణ అడగమంటారేమో. అడగను. మా అమ్మకు చివరిదాకా నా చేత్తో అన్నం కలిపి పెట్టాను. ఆవిడ తింటూ నా కళ్లలోకి ఎందుకు చూసేది కాదో నాకు ఇప్పుడు తెలిసింది. ఆవిడ బతికుండగా ఒక్క మాట చెప్పి ఉంటే, అడగవలసిన మనిషినే అడిగేవాణ్ణి. అరిచేవాణ్ణి, ఆవిడ ఏడ్చేది, ఏదో ఒకటి తేలేది. ఇప్పుడు గోడ మీద ఫోటోను ఏమడగను? నా బిడ్డ గురించి నాకు తెలియవలసింది మీరు దాచుకుని, దానికి దయ అని పేరు పెట్టుకున్నారు. ఇన్నేళ్లూ నేను తిట్టిన తిట్లన్నీ తప్పు ఇంటికి పంపించాను. మీరు కిమ్మనకుండా తీసుకున్నారు.

ఫోన్ చెయ్యనిది మా అమ్మ. వ్యాను వద్దన్నది నేను. అయినా నేను ఇప్పటికీ తప్పుపట్టేది మిమ్మల్నే, వదినా.

మరిది